ముందు పరీక్ష, తర్వాతే ఫిల్టరు

ఊరికి ఏదైనా మేలు చేయాలని నలుగురు కూడినప్పుడు చాలాచోట్ల మొదట మాటకొచ్చేది తాగునీరే. యువజన సంఘం చందాలు పోగేస్తుంది. పొదుపు సంఘం తీర్మానం రాస్తుంది. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడిన ఊరి పిల్లలు డబ్బు పంపుతామంటారు. మనసు మంచిదే, డబ్బూ సమకూరుతుంది. అయినా అలా పెట్టిన వాటర్ ప్లాంట్లలో కొన్ని నాలుగేళ్లు తిరక్కుండానే తాళం పడి ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. చాలాసార్లు తప్పు యంత్రానిది కాదు. కొనేముందు ఆ నీళ్లలో ఏముందో ఎవరూ చూడలేదు, కొన్నాక దాన్ని ఎవరు చూసుకోవాలో ఎవరూ తేల్చలేదు.

అందుకే ఏ కంపెనీ ఫిల్టరు మంచిదన్న చర్చలోకి నేను వెళ్లను. మీ నీళ్లకున్న జబ్బేమిటో కనుక్కుని, దానికి సరిపోయే మందుల్లో మీ ఊరివాళ్లే సొంతంగా నడుపుకోగలిగిన చవకైనదాన్ని ఎంచుకోవడం ఎలాగో చెబుతాను. ఇందులో కొనాల్సినవాటికంటే తెలుసుకోవాల్సినవే ఎక్కువ. అది పేద ఊళ్లకు శుభవార్తే.

నీళ్లలో ఏముంది?

తాగే నీళ్లలో ఉండే చెడు రెండు రకాలు. ఒకటి, ప్రాణమున్నది. మలం కలిసిన నీళ్లలో ఉండే బ్యాక్టీరియా, వైరస్‌లు, అమీబా లాంటివి. విరేచనాలు, కలరా, టైఫాయిడ్, కామెర్లు వీటివల్లే. తాగిన కొద్దిరోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో బయటపడతాయి. రెండోది, కరిగి ఉన్నది. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్, ఉప్పు. భూమి లోపలి రాళ్ల నుంచి, పొలంలో చల్లిన ఎరువుల నుంచి, మురుగు నుంచి ఇవి బోరు నీళ్లలోకి చేరతాయి. నీళ్లు తేటగానే ఉంటాయి, చాలాసార్లు రుచిలోనూ తేడా తెలియదు. పళ్ల మీద మచ్చలు పడి, కీళ్లు బిగుసుకుపోయి, నడుము వంగాక తెలుస్తుంది. అప్పటికి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి.

ఒకదానికి పనికొచ్చే పద్ధతి రెండోదానికి చాలావరకు పనికిరాదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా ఆవిరై నీళ్లు తగ్గేకొద్దీ అది మరింత చిక్కబడుతుంది. క్లోరిన్ కలరాను ఆపుతుంది, ఆర్సెనిక్‌ను తొలగించలేదు. ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, కానీ ఆ నీళ్లను నెలల తరబడి కడగని క్యాన్‌లో పట్టుకెళితే దారిలోనే మళ్లీ క్రిములు చేరతాయి.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో బంగ్లాదేశ్ అనుభవం చెబుతుంది. చెరువుల నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి అక్కడ గొట్టపు బావులను ముమ్మరంగా వేయించారు. యూనిసెఫ్ లాంటి సంస్థలు సాయం చేశాయి. భూమి లోపలి నీళ్లలో క్రిములుండవన్నది వాళ్ల నమ్మకం, అది చాలావరకు నిజం కూడా. కానీ ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందేమోనని ఎవరూ పరీక్షించలేదు. 1990లు వచ్చేసరికి అరచేతుల మీద గరుకు పొక్కులతో, చర్మం మీద నల్లమచ్చలతో జనం ఆసుపత్రులకు రావడం మొదలైంది. చరిత్రలో ఇంతమందికి ఒకేసారి విషం ఎక్కిన సందర్భం మరొకటి లేదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఒక శాస్త్రవేత్తల బృందం రాసింది.

తర్వాత వాళ్లు చేసిన పని మనం ఇంకా శ్రద్ధగా చూడాలి. దేశవ్యాప్తంగా సుమారు 50 లక్షల గొట్టపు బావులను పరీక్షించి, ఆర్సెనిక్ హద్దు దాటినవాటి మూతికి ఎర్ర రంగు, మిగతావాటికి ఆకుపచ్చ రంగు పూశారు. 14 లక్షలకు పైగా బావులకు ఎరుపు పడింది. విచిత్రమేమిటంటే ఒకే ఊళ్లో, ఒకే వీధిలో ఎర్ర బావి పక్కనే ఆకుపచ్చ బావి కూడా ఉండేది. ఆడవాళ్లు బిందె తీసుకుని పక్కింటి ఆకుపచ్చ బావికి నడిచారు. అక్కడ ఆర్సెనిక్‌ను ఎదుర్కోవడానికి చేసిన పనుల్లో ఎక్కువమందికి ఉపయోగపడింది అలా బావి మార్చుకోవడమే. ఫిల్టర్లు అందులో చిన్న భాగం. ఆ రంగులు క్రమంగా వెలిసిపోయాయి, తర్వాత వేసిన ఎన్నో కొత్త బోర్లకు పరీక్ష జరగలేదు, సమస్య ఇంకా తీరలేదు. అయినా పరీక్ష చేసి, ఆ ఫలితాన్ని చదువురానివాళ్లకు కూడా అర్థమయ్యేలా బావి మీదే రాయడం ఎంత చవకో, ఎంత బలమైన పనో తెలిసింది. మీ ఊళ్లో పది బోర్లుంటే ముందు ఆ పదింటినీ పరీక్ష చేయించండి. మంచి నీళ్లున్న బోరు ఒక్కటి దొరికినా ఫిల్టరు ఖర్చు తప్పినట్లే.

మన దగ్గర ఆ పాత్ర ఫ్లోరైడ్‌ది. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ తెచ్చే జబ్బును వైద్యులు గుర్తించి రాశారు. ఆ తర్వాత నల్గొండ పేరు దేశమంతటా దీనికే తెలిసిపోయింది. మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకరపోయిన పిల్లల గురించి 1970ల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ప్రపంచానికి చెప్పారు. ఇన్నేళ్లూ కొరవడింది జ్ఞానం కాదు.

పరీక్ష ఎలా? గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లా, డివిజన్ స్థాయిలో ల్యాబ్‌లున్నాయి. నమూనా పట్టుకెళితే నామమాత్రపు రుసుముతో పరీక్షించి కాగితం ఇస్తారు. రసాయనాల పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, ఆ తర్వాత నిండా పట్టండి. బోరైతే అంతకుముందు కొన్ని నిమిషాలు నీళ్లు వదిలేయండి, గొట్టంలో నిలవున్నది పోవాలి. క్రిముల పరీక్షకు మాత్రం ల్యాబ్‌వాళ్లిచ్చిన సీసానే వాడాలి. దాన్ని తొలవకూడదు, మూత లోపలి వైపు వేలు తగలనివ్వకూడదు. ఐసు పెట్టిన డబ్బాలో ఉంచి అదే రోజు అందించాలి. వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయించండి. నీళ్లు అడుగంటినప్పుడు ఫ్లోరైడ్ పెరగవచ్చు, వరద నీరు చేరినప్పుడు క్రిములు పెరుగుతాయి. ఏడాదికొకసారి తీసిన కాగితం ఈ రెండింటినీ పట్టుకోలేదు.

కాగితం చేతికొచ్చాక చూడాల్సిన అంకెలు కొన్నే. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారే లేకపోతే 1.5 వరకు. నైట్రేట్ 45 లోపు. ఆర్సెనిక్ 0.01 లోపు. కరిగిన లవణాలన్నీ కలిపి, అంటే టీడీఎస్, 500 వరకు మంచిది, గత్యంతరం లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటారు. ఈ–కొలి బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు.

టీడీఎస్ గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పేదవాళ్ల డబ్బు ఎక్కువగా పోతున్నది ఇక్కడే. అమ్మడానికి వచ్చినవాళ్లు పెన్ను లాంటి మీటరును మీ కుళాయి నీళ్లలో ముంచి 400 అని చూపిస్తారు, తమ యంత్రం నీళ్లలో ముంచి 40 అని చూపిస్తారు. ఇంకొందరు రెండు ఇనుప కడ్డీలు గ్లాసులో పెట్టి కరెంటు ఇస్తారు. మీ నీళ్లు తుప్పురంగుకు తిరిగి మురికి తేలుతుంది, వాళ్ల నీళ్లు తేటగా ఉంటాయి. ఇంటిల్లిపాదీ భయపడిపోతారు. అక్కడ జరిగిందేమిటంటే, లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారి కడ్డీలోని ఇనుమే అరిగి నీళ్లలో కలిసింది. ఆ మురికి కడ్డీది, మీ నీళ్లది కాదు. మీటరు చెప్పే అంకె కూడా మొత్తం లవణాల లెక్కే. ఫ్లోరైడ్ ఎంతో, ఆర్సెనిక్ ఉందో లేదో, మలం కలిసిందో లేదో ఆ మీటరుకు తెలియదు. 400 టీడీఎస్ ఉన్న నీళ్లలో మరే దోషమూ లేకపోతే వాటికి ఆర్‌ఓ అక్కర్లేదు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ప్రభుత్వాన్ని ఆదేశించింది కూడా.

క్రిములే సమస్య అయితే

చెరువు, కాలువ, మూతలేని బావి, లీకవుతున్న పైపు. ఇవి మీ నీటి వనరులైతే మీ పోరు క్రిములతో. చవక పద్ధతులు ఎక్కువగా ఉన్నది కూడా ఇక్కడే.

అన్నిటికంటే చవకైనది బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో బయటపడింది. కలరా బ్యాక్టీరియా నీళ్లలో కంటికి కనిపించనంత చిన్న జీవుల ఒంటిని అంటిపెట్టుకుని బతుకుతుంది. బ్యాక్టీరియా గుడ్డలోంచి జారిపోతుంది గానీ అది ఎక్కిన ఆ జీవి జారదు. శాస్త్రవేత్తలు రీటా కోల్వెల్, అన్వర్ హక్‌ల బృందం ఈ సూత్రం పట్టుకుని పాత చీరను నాలుగు మడతలు, అంటే ఎనిమిది పొరలు, వేసి బిందె మూతికి కట్టి నీళ్లు వడకట్టడం 65 గ్రామాల్లో పరీక్షించింది. కలరా దాదాపు సగానికి, 48 శాతం మేర, తగ్గిందని 2003లో ప్రకటించారు. కొత్త చీరకంటే ఉతికి ఉతికి నూలు ఉబ్బిన పాత చీరే బాగా పనిచేసింది. అయిదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే ఆ ఆడవాళ్లలో 31 శాతం మంది ఇంకా నీళ్లు వడకడుతూనే ఉన్నారు. మూడింట ఒకవంతేనా అని కొందరంటారు. నాకైతే గొప్ప సంగతిగానే తోస్తుంది. మళ్లీ వచ్చి అడిగేవాళ్లు లేకున్నా, రూపాయి లాభం లేకున్నా, రోజువారీ చాకిరీలో మరో పని కలిపి ఆ తల్లులు అయిదేళ్లు కొనసాగించారు. గుడ్డ ఒక్కటే సరిపోదు, అది వైరస్‌లను గానీ విడి బ్యాక్టీరియాను గానీ ఆపలేదు. కానీ దాని తర్వాత చేసే ప్రతి పద్ధతినీ సులువు చేస్తుంది. వడకట్టాక గుడ్డను తిరగేయకండి. మురికి పట్టిన వైపు పైకే ఉండాలి. తర్వాత ఉతికి ఎండలో ఆరేయండి.

నీళ్లు బురదగా ఉంటే గుడ్డకు ముందు తేర్చుకోవాలి. మన పెద్దవాళ్లు చిల్లగింజను కుండ లోపల అరగదీసి తేర్చుకునేవాళ్లు. మునగగింజల పొడి కూడా అదే పని చేస్తుంది. సూడాన్ పల్లెల్లో ఆడవాళ్లు దాన్ని వాడే తీరు మీద శాస్త్రీయ పరిశోధనలు జరిగాయి. పటిక మనందరికీ తెలిసిందే. తేరిన నీళ్లు శుభ్రమైన నీళ్లని మాత్రం అనుకోవద్దు, బురద పోయిందంతే.

తర్వాత మట్టి ఫిల్టరు. దీన్ని 1981లో గ్వాటెమాలాలో ఫెర్నాండో మజారియెగోస్ అనే శాస్త్రవేత్త రూపొందించారు. బంకమట్టిలో రంపపు పొట్టో వరి ఊకో మెత్తగా కలిపి, కుండీ ఆకారంలో చేసి కాలుస్తారు. కాలేటప్పుడు పొట్టు మాడి మసైపోయి, అది ఉన్నచోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వాటిలోంచి నీళ్లు ఊరతాయి, బురదా, బ్యాక్టీరియాలో చాలాభాగమూ ఆగిపోతాయి. లోపలా బయటా పూసే వెండి ద్రావణం మిగిలినవాటి పని పడుతుంది. కుండీని కుళాయి ఉన్న ప్లాస్టిక్ బకెట్‌లో వేలాడదీసి మూత పెడతారు. గంటకు రెండు మూడు లీటర్లకు మించి రావు. అంతకంటే వేగంగా వస్తోందంటే సంతోషించకండి, పగులుందని అర్థం. రాన్ రివేరా అనే కుమ్మరి, ‘పాటర్స్ ఫర్ పీస్’ సంస్థ ద్వారా ఈ విద్యను దేశదేశాలు తిరిగి స్థానిక కుమ్మరులకు నేర్పారు. 1998లో మిచ్ తుఫాను నికరాగువాను ముంచెత్తినప్పుడు ఈ కుండీల అవసరం బాగా తెలిసొచ్చింది. ఈ ఫిల్టర్లో నాకు బాగా నచ్చింది ఇదే: మట్టి ఊళ్లోనే ఉంది, ఊక ఊళ్లోనే ఉంది, చేసేవాళ్లూ ఊళ్లోనే ఉన్నారు. పని దొరక్క చక్రం పక్కన పెట్టేసిన కుమ్మరి కుటుంబాలు మన దగ్గర ఎన్ని లేవు!

కంబోడియాలో ఈ కుండీలు వాడిన ఇళ్లలో విరేచనాలు దాదాపు సగం తగ్గాయని పరిశోధకులు చూశారు. వాళ్లే మరో సంగతీ గమనించారు. ఇచ్చిన తర్వాత నెల నెలకూ సుమారు రెండు శాతం ఇళ్లు ఫిల్టరు వాడటం మానేశాయి. ముఖ్యకారణం కుండీ పగిలిపోవడం. నెలకు రెండు శాతం చిన్న అంకెలా కనిపిస్తుంది, నాలుగేళ్లకు లెక్కేస్తే సగానికి పైగా ఇళ్లు. కుండీ పగిలినరోజు ఇంకో కుండీ సంతలోనో, కిరాణా కొట్టులోనో దొరికితే ఆ కుటుంబం మళ్లీ కొంటుంది. దొరక్కపోతే బకెట్ బట్టలకు వాడుకుంటుంది. కాబట్టి మీరు ఏ ఫిల్టరును పంచినా, దాని విడిభాగం అమ్మే మనిషిని అదే మండలంలో ముందే ఏర్పాటు చేసుకోండి. క్యాండిల్ ఫిల్టరుకైనా ఇదే నియమం. క్యాండిల్‌నైనా కుండీనైనా సబ్బు పెట్టి రుద్దకూడదు. మెత్తటి బ్రష్షుతో శుభ్రమైన నీళ్లలో కడగాలి. సబ్బు పెట్టాల్సింది నీళ్లు నిలిచే కింది బకెట్‌కు, దాని కుళాయికి.

కొంచెం పెద్ద కుటుంబానికి, బడికి, అంగన్‌వాడీకి ఇసుక ఫిల్టరు అనువు. ఊరంతటికీ సరిపడే పెద్ద ఇసుక వడపోతలు 19వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. 1892లో జర్మనీలో హాంబర్గ్ నగరం ఎల్బే నది నీళ్లను వడకట్టకుండా తాగి కలరాతో 8,600 మందికి పైగా పోగొట్టుకుంది. పక్కనే ఉన్న ఆల్టోనా పట్టణం అదే నది నీళ్లను ఇసుకలో వడకట్టి తాగి బయటపడింది. ఆ సూత్రాన్నే ఇంట్లో పెట్టుకునే తొట్టిగా కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాంజ్ 1990ల మొదట్లో మలిచారు. సిమెంటు తొట్టి, అడుగున కంకర, దాని మీద సన్న కంకర, ఆ పైన కడిగి జల్లించిన ఇసుక. ఇంతే సామాను. ఊరి మేస్త్రీ పోత పోయగలడు, కరెంటు అక్కర్లేదు, మార్చాల్సిన భాగమంటూ లేదు.

దాని ప్రాణమంతా ఇసుక పైపొరలో ఉంది. అక్కడ మేలుచేసే సూక్ష్మజీవుల పొర ఒకటి పెరుగుతుంది, వచ్చే క్రిములను అదే తినేస్తుంది. ఆ పొర గట్టిపడటానికి నెలరోజుల దాకా పడుతుంది. అందాకా నీళ్లను మరిగించో క్లోరిన్ కలిపో తాగాలి. నీళ్లు పోయనప్పుడు కూడా ఇసుక మీద అయిదు సెంటీమీటర్ల నీళ్లు నిలిచి ఉండాలి. అంతకంటే లోతైతే ఆ పొరకు గాలి అందదు, పూర్తిగా ఎండితే చచ్చిపోతుంది. రోజూ నీళ్లు పోస్తూనే ఉండాలి. ఇసుక చెదరకుండా చిల్లుల పళ్లెం మీద నెమ్మదిగా పోయాలి. ఇవాళ బావి నీళ్లు, రేపు కాలువ నీళ్లు అని మార్చకండి. ధార సన్నబడినప్పుడు పైనున్న నీళ్లలో చెయ్యిపెట్టి ఇసుక పైభాగాన్ని మెల్లగా కదిపి, ఆ బురద నీళ్లను చెంబుతో తీసేయాలి. శుభ్రం చేస్తున్నామనుకుని ఇసుకంతా బయటికి తీసి ఎండలో పోసిన ఇల్లు నెలరోజుల పనిని ఒక్క పూటలో పోగొట్టుకుంటుంది. పంచేటప్పుడు ఈ ఒక్క సంగతి ఇంటి ఇల్లాలితో పాటు అత్తగారికీ, పెద్దపిల్లలకూ దగ్గరుండి చూపించాలి. ఇసుక ఫిల్టరు వైరస్‌లను పూర్తిగా ఆపదు కాబట్టి చివర కొంచెం క్లోరిన్ ఉంటే మంచిది.

క్లోరిన్ విషయంలో మన ఊళ్లకు కొత్తగా కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. పంచాయతీలో బ్లీచింగ్ పౌడర్ ఉంటుంది, లేనిదల్లా కొలత. తాజా పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు పడుతుంది. అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. పౌడర్‌ను నేరుగా ట్యాంకులో కుమ్మరించకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్దినీళ్లతో ముద్దగా కలిపి, మరిన్ని నీళ్లు పోసి, సున్నం అడుగున పేరుకున్నాక పైతేట మాత్రమే పోయాలి. గంట ఆగి కుళాయిలు వదలాలి. మూత తీసిన బస్తాలోని పౌడర్ రోజురోజుకూ బలం కోల్పోతుంది. నిరుటి బస్తా నుంచి చారెడు చల్లి ‘క్లోరినేషన్ చేశాం’ అని రిజిస్టరులో రాస్తే జబ్బు ఆగదు. సరిపోయిందో లేదో చెప్పేది ట్యాంకు కాదు, ఊళ్లో చిట్టచివరి ఇంటి కుళాయి. అక్కడి నీళ్లను క్లోరోస్కోప్‌లో పోసి చుక్కల మందు వేస్తే వచ్చే పసుపు రంగును బట్టి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో తెలుస్తుంది. వాసన వస్తోందని ఎవరైనా అంటే, తాగే ముందు కాసేపు వెడల్పు పాత్రలో ఉంచుకోమనండి. ఆ వాసన రక్షణ ఉందనడానికి గుర్తు.

ఏమీ లేనిచోట ఎండ ఉంది. తేట నీళ్లను రంగులేని, గీతలు పడని రెండు లీటర్ల లోపు ప్లాస్టిక్ సీసాలో పోసి ఆరు గంటలు మండుటెండలో పడుకోబెడితే క్రిములు చస్తాయి. మబ్బుగా ఉంటే వరసగా రెండు రోజులు ఉంచాలి. వరదలొచ్చి దారులు తెగినప్పుడు ఇది గుర్తుంచుకోదగ్గది. మరిగించడమైతే ఎప్పుడూ ఉంది. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, పావుగంట మరిగించి గ్యాసు తగలేయక్కర్లేదు.

ఫ్లోరైడ్ ఉంటే

ముందు వేరే నీళ్లు వెదకండి. నది నీళ్లు శుద్ధి అయి కుళాయికి వస్తున్న ఊరైతే అంతకుమించిన పరిష్కారం లేదు. తెలంగాణలో మిషన్ భగీరథ అలా కృష్ణా, గోదావరి నీళ్లను నల్గొండ లాంటి చోట్లకు తెచ్చింది. అక్కడ కూడా నల్లా నీళ్లను గిన్నెలు తోముకోవడానికి వాడి, తాగడానికి క్యాన్ కొనే ఇళ్లున్నాయి. నల్లా నీళ్లను ఒకసారి ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని పంచాయతీ గోడకు అంటించండి. నెలకు కొన్ని వందల రూపాయలు మిగలాల్సిన ఇళ్లు అవి. నది నీళ్లు రానిచోట వాన నీళ్లు పట్టి నిలవచేసుకోవచ్చు, వాటిలో ఫ్లోరైడ్ ఉండదు. తాగడానికీ వంటకూ మాత్రమే అనుకుంటే కావాల్సింది మరీ ఎక్కువేమీ కాదు.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో కనిపెట్టిన పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి ముందు వేగంగా, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా కలిపి, గంటసేపు తేరనిస్తారు. ఫ్లోరైడ్ పట్టుకున్న మడ్డి అడుగుకు చేరుతుంది, పైతేటను కుళాయి ద్వారా తీసుకుంటారు. సామాను చవక, బకెట్‌లోనే చేసుకోవచ్చు. కష్టమల్లా రోజూ కొలిచి వేయడంలో ఉంది. పటిక మోతాదు ఫ్లోరైడ్‌ను బట్టీ, నీళ్ల క్షారగుణాన్ని బట్టీ మారుతుంది. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది, తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది. ల్యాబ్‌వాళ్లతో మీ బోరుకు తగిన మోతాదు రాయించుకోకుండా ఈ పద్ధతికి దిగకండి. కెన్యాలో నకూరు క్రైస్తవ డయోసిస్‌వాళ్లు పశువుల ఎముకలు కాల్చిన బొగ్గుతో ఫ్లోరైడ్ తీస్తారు, బాగా పనిచేస్తుంది. మన ఊళ్లలో ఆ నీళ్లను చాలామంది ముట్టరు. జనం ముట్టని నీళ్లు ఎంత శుభ్రమైనా ప్రయోజనం లేదు, కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

ఇక మిగిలేది ఆర్‌ఓ. ఫ్లోరైడ్, ఉప్పు రెండూ ఎక్కువున్న ఊళ్లో అది న్యాయమైన ఎంపికే. కానీ బయటికి పోయే నీళ్ల లెక్క ముందే వేసుకోండి. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నుంచి రెండు లీటర్లు తోడి ఒక లీటరు మంచినీళ్లు తీస్తే, మిగిలిన లీటరులో ఫ్లోరైడ్ దాదాపు 4కు చేరుతుంది. ఆ నీళ్లను షెడ్డు వెనకే వదిలేస్తే అవి ఇంకి మళ్లీ అదే బోరుకు చేరే ప్రమాదం ఉంది, పక్కన మేసే పశువులు కూడా తాగుతాయి. మరుగుదొడ్లు కడగడానికో, నేల ఊడ్చి తుడవడానికో పైపు వేసి తీసుకెళ్లే ఏర్పాటు అంచనాలోనే ఉండాలి.

చూసుకునేది ఎవరు?

ఊరికి ఆర్‌ఓ ప్లాంటు పెట్టారనుకుని ఒక లెక్క వేసి చూద్దాం. ఊళ్లో 300 ఇళ్లు, ఇంటికి రోజూ ఒక 20 లీటర్ల క్యాన్, క్యాన్‌కు 5 రూపాయలు అనుకుంటే నెలకు 45 వేలు వస్తాయి. ఆపరేటరు జీతం, కరెంటు బిల్లు, చిన్న ఫిల్టర్లు పోను మిగిలినదాన్ని ఏం చేస్తారన్నదే ప్లాంటు ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఆర్‌ఓలో నీళ్లను వడకట్టే మెంబ్రేన్ ఎప్పటికైనా పోతుంది, మోటారు కాలుతుంది. మిగులులో ఇంత భాగం ముట్టుకోకూడదని తీర్మానించి వేరే ఖాతాలో వేయండి. ఊరికే ఇస్తే పుణ్యమనుకునే దాతలున్నారు. అది గొప్ప గుణమే గానీ, ధర లేని నీళ్లకు మోటారు కాలిన రోజున డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆ దాతే చెప్పాలి. మరీ పేద ఇళ్లకు ఉచిత కార్డు ఇచ్చి, మిగతావాళ్ల దగ్గర ధర తీసుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

ఖాతా, రిజిస్టరు పొదుపు సంఘం చేతిలో ఉంటే మేలని నా అభిప్రాయం. నీళ్లు మోసేదీ, పిల్లాడికి విరేచనాలైతే రాత్రంతా మేలుకునేదీ ఆడవాళ్లే. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్టు వాడటం నేర్పాలన్న నియమం ఉంది. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరో పంచాయతీలో అడగండి. కిట్టు అలమరలోనే ఉందేమో, లోపలి మందుల గడువు తీరిందేమో కూడా చూడండి.

ఇంటి దగ్గర జాగ్రత్త లేకపోతే పైన చెప్పినదంతా వృథా. మూలం దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్లు ఇంటికి చేరి, గ్లాసులోకి వచ్చేలోపే చెడిపోతున్నాయని ఎన్నో దేశాల్లో చేసిన పరిశీలనల్లో తేలింది. వెడల్పు మూతి బిందెలో చేతివేళ్లు ముంచి గ్లాసుతో తీసుకోవడమే ఇందుకు పెద్ద కారణం. కుళాయి బిగించిన డ్రమ్ము కొనండి, లేదా కాడ పొడుగ్గా ఉన్న గరిటెను బిందె పక్కనే కొక్కేనికి తగిలించండి. క్యాన్‌ను రెండు రోజులకోసారి సబ్బుతో లోపల కడగండి, నాచు పట్టిన క్యాన్‌ను ప్లాంటువాళ్లు నింపకూడదని నియమం పెట్టండి.

నెలకొకసారి మూడు చోట్ల నీళ్లు పరీక్షించండి: బోరు లేదా ట్యాంకు, చివరి కుళాయి, ఎవరో ఒకరి ఇంట్లో తాగే బిందె. క్రిములకు హెచ్‌టూఎస్ సీసా సరిపోతుంది. 1982లో మన శాస్త్రవేత్తలు రూపొందించిన పరీక్ష ఇది. చిన్న సీసాలో మందు పట్టించిన కాగితం ఉంటుంది, గీత దాకా నీళ్లు పోసి వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీళ్లు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. ట్యాంకు సీసా తేటగా ఉండి చివరి కుళాయి సీసా నల్లబడితే లోపం పైపులో ఉంది. మురుగు కాలువ దాటే చోట తవ్వి చూడండి. రెండూ తేటగా ఉండి బిందె సీసా ఒక్కటే నల్లబడితే ఆ ఇంటివాళ్లను నలుగురిలో నిలదీయకండి. ఆశా కార్యకర్తను తోడు తీసుకుని వెళ్లి బిందె కడిగించి, గరిటె కొక్కెం బిగించి, వారం తర్వాత మళ్లీ పరీక్షించండి. మూడూ నల్లబడితే అదే రోజు ట్యాంకు కడిగించి క్లోరిన్ వేయించండి, మళ్లీ సీసా తేటగా వచ్చేదాకా నీళ్లు మరిగించి తాగమని మైకులో చెప్పించండి, ఆ కబురు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. వాడిన సీసాలో బ్లీచింగ్ నీళ్లు పోసి కాసేపు ఉంచాకే పారబోయాలి, పిల్లలకు అందనివ్వకూడదు.